వాయిదా పడిన ఆపరేషన్లు, వాయిదా పడిన చదువు

2020 మార్చి 20న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దేశంలోని ఆసుపత్రులకూ వైద్య విద్యాసంస్థలకూ పంపిన సూచనల్లో, అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వేయాలన్నది ఒకటి. పడకలు, ఆక్సిజన్, వెంటిలేటర్లు, మత్తు డాక్టర్లు రాబోయే కోవిడ్ రోగుల కోసం సిద్ధంగా ఉండాలన్న ఉద్దేశంతో తీసుకున్న ఆ నిర్ణయం, వ్యాధి గురించి ఏమీ తెలియని ఆ నాటి పరిస్థితిలో సరైనదే. అయితే బోధనాసుపత్రిలో జరిగే ఏ ఆపరేషన్ అయినా ఒక రోగికి చికిత్స అందించడంతో పాటు, ఆ బల్ల చుట్టూ నిలబడిన వారిలో ఎవరో ఒకరికి పాఠం చెబుతుంది. చికిత్స వాయిదా పడితే ఆ సంగతి రోగుల జాబితాలో కనిపిస్తుంది. పాఠం వాయిదా పడితే అది ఏ జాబితాలోకీ ఎక్కదు, కొన్నేళ్ళ తర్వాత, బోధనాసుపత్రికి దూరంగా, ఒకే సర్జన్ ఉన్న ఊళ్ళో బయటపడుతుంది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస, అక్కడి నుంచి కొబ్బరి, జీడితోటల మధ్యగా సముద్రం వెంబడి ఇచ్ఛాపురం దాకా సాగే ఉద్దానం అటువంటి ఊళ్ళున్న ప్రాంతం కాబట్టి, కోవిడ్ కాలంలో సర్జన్ల శిక్షణకు ఏం జరిగిందన్న ప్రశ్నను ఆ ప్రాంతపు అవసరాల వైపు నుంచి చూడడం ఈ అధ్యాయపు ప్రయత్నం.

ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళపాటు ఎం.ఎస్. చదివే వైద్యుణ్ణి తెలుగునాట ఆసుపత్రుల్లో క్లుప్తంగా పీజీ అంటారు. ఉద్యోగ పరిభాషలో అతడు రెసిడెంట్, అంటే ఆసుపత్రిలోనే ఉంటూ, పనిచేస్తూ నేర్చుకునేవాడు. ఈ పద్ధతికి ఒక స్పష్టమైన రూపం ఇచ్చినవాడు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1889 నుంచి పనిచేసిన విలియం హాల్‌స్టెడ్. పుస్తకం చదివి పరీక్ష రాసినంత మాత్రాన ఎవరూ సర్జన్ కాలేరనీ, గురువు పర్యవేక్షణలో బాధ్యత మెట్టు మెట్టుగా పెరుగుతూ పోవాలనీ అతడు స్థిరపరచిన సూత్రం నేటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. 1923లో మొదలైన విశాఖపట్నం వైద్య కళాశాల, అంటే తర్వాత ఆంధ్ర మెడికల్ కాలేజీగా పేరు మారినది, దాని అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర సర్జన్లను తరతరాలుగా తయారుచేసింది ఈ పద్ధతిలోనే. మొదటి ఏడాది పీజీ వార్డులో కట్లు మారుస్తాడు, కేస్‌షీట్లు రాస్తాడు, రక్తం తీస్తాడు, థియేటర్‌లో కొక్కేలు పట్టుకొని నిలబడతాడు. రెండో ఏడాది చిన్న ఆపరేషన్లలో కత్తి అతని చేతికి వస్తుంది. మూడో ఏడాదికి పెద్ద ఆపరేషన్లలో కొన్ని ఘట్టాలు అతనివవుతాయి.

చేయి ఎలా నేర్చుకుంటుందన్న విషయాన్ని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫిట్స్, పోస్నర్ 1967లో మూడు దశలను వివరించారు. మొదట ప్రతి కదలికనూ ఆలోచించి చేయాలి. తర్వాత కదలికలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తప్పులు తగ్గుతాయి. చివరికి చేయి తన పని తాను చేసుకుపోతుంటే మనసు మిగిలిన సంగతుల మీద, అంటే రోగి రక్తపోటు మీదా, ఎదురుపడ్డ అనుకోని రక్తనాళం మీదా ఉండగలుగుతుంది. రెండో దశ నుంచి మూడో దశకు చేర్చే మార్గం ఒకే రకమైన, సులువైన పనిని, పక్కన తప్పు దిద్దేవారు ఉండగా, పదేపదే చేయడం తప్ప మరొకటి లేదు. శస్త్రచికిత్సలో ఆ సులువైన పనులు హెర్నియా, వరిబీజం, పైపైన ఉండే కణితులు, పిత్తాశయపు రాళ్ళు వంటివి. బోదకాలు వ్యాపించి ఉన్న శ్రీకాకుళం తీర ప్రాంతంలో వరిబీజానికి మరీ ప్రాధాన్యం ఉంది: క్యూలెక్స్ దోమ ద్వారా శరీరంలోకి చేరే ఫైలేరియా పురుగులు శోషరస నాళాల్ని పాడుచేయడం వల్ల వృషణాల చుట్టూ నీరు చేరి, మత్స్యకారుడికీ కూలీకీ పని చేసుకోవడమే కష్టమవుతుంది. దానికి చేసే ఆపరేషన్ చిన్నది, ప్రమాదం తక్కువది, అందుకే ఎందరో పీజీల చేతిలో మొదటగా పడేది. సరిగ్గా ఇటువంటివే అత్యవసరం కానివన్న పేరుతో ఆగిపోయాయి. కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 2020లో వేసిన అంచనా ప్రకారం, ఆసుపత్రి సేవలు తీవ్రంగా దెబ్బతిన్న 12 వారాల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దవడమో వాయిదా పడడమో జరిగింది.

అత్యవసర ఆపరేషన్లు ఆగలేదు కదా, పాఠాలు అక్కడ దొరికి ఉండవా అన్న సందేహం సహజం. దొరికాయి గాని, అవి నేర్చుకునేవాడికి సరిపోయే పాఠాలు కావు. థియేటర్‌లో మనుషులు తక్కువగా ఉండాలి, ఆపరేషన్ త్వరగా ముగియాలి, కనుక అనుభవం ఎక్కువ ఉన్నవారే చేయాలన్నది ఆ కాలపు నియమం. దానివల్ల పీజీ బల్ల దగ్గరకు చేరడమే తగ్గింది. పొట్టలోకి వాయువు నింపి చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీలో ఆ వాయువుతో పాటు వైరస్ గదిలోకి వెదజల్లబడుతుందేమోనన్న భయంతో 2020 మార్చిలో బ్రిటన్‌లోని శస్త్రచికిత్సా సంస్థలు దాన్ని వీలైనంత మానుకోవాలని సూచించగా, మిగతా దేశాల్లోనూ చాలాచోట్ల ఆ జాగ్రత్త పాటించారు. జనం ఇరవై నాలుగు గంటల కడుపునొప్పిగా పిలిచే అపెండిసైటిస్‌ను ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో నయం చేయడం పెరిగింది. 1,552 మంది రోగులతో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితం అదే ఏడాది అక్టోబరులో వెలువడి, మందులతో చికిత్స పొందినవారిలో పదింట ముగ్గురికి మాత్రమే 90 రోజుల లోపు ఆపరేషన్ అవసరమైందని చూపింది. రోగులకు ఇది మేలైన వార్తే; పీజీకి మాత్రం మొదటి మెట్టుగా ఉండే మరో ఆపరేషన్ చేజారింది.

మరోవైపు లాక్‌డౌన్‌లో బస్సులు లేక, ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుతుందన్న భయంతో ఆలస్యంగా వచ్చినవారిలో పగిలిన అపెండిక్స్, ఇరుక్కొని నల్లబడిన పేగు, కుళ్ళు మోకాలిదాకా పాకిన మధుమేహపు పాదం కనిపించాయి. ఆ భయం ఎంత లోతుగా నాటుకుందో చెప్పడానికి 2020 జూన్‌లో పలాసలో ఒక మృతదేహాన్ని జేసీబీతో తరలించిన ఉదంతం చాలు. రాష్ట్రమంతా దానికి సిగ్గుపడింది. ఉద్దానం తీరంలో కుర్రవాడికి పడవను అలలు దాటించడం నేర్పేటప్పుడు సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు చూసి, పెద్దవాడు వెనక కూర్చొని, తెడ్డు అతని చేతికిస్తాడు. కోవిడ్ కాలపు పీజీకి నెమ్మదైన రోజులు మాయమై తుపాను రోజులే మిగిలాయి, తుపానులో తెడ్డు ఎవరూ కొత్తవాడికివ్వరు.

ఆపరేషన్లు తగ్గడం ఒక ఎత్తయితే, పీజీలనే మరో పనికి తరలించడం ఇంకొక ఎత్తు. సికిందరాబాదులోని గాంధీ ఆసుపత్రి 2020లో పూర్తిగా కోవిడ్ ఆసుపత్రిగా మారి, నవంబరులో గాని సాధారణ సేవలకు తిరిగి తెరుచుకోలేదు. 2021 ఏప్రిల్‌లో రెండో ఉధృతి వచ్చినప్పుడు ఆ సేవలు మళ్ళీ ఆగిపోయాయి. అక్కడి జూనియర్ డాక్టర్లు సాధారణ సేవల్ని పునరుద్ధరించాలని కోరుతూ వచ్చినప్పుడు, తమ చదువు ఆగిపోతోందన్నది వారి అభ్యర్థనలో ముఖ్యమైన అంశం. శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు 2020 ఏప్రిల్ నెలాఖరులో గాని బయటపడలేదు. తర్వాత రాగోలులోని జెమ్స్ ఆసుపత్రి జిల్లాకు ప్రధాన కోవిడ్ ఆసుపత్రి అయింది. ఇటువంటి ఆసుపత్రుల్లో సర్జరీ, ఎముకల విభాగం, చెవి-ముక్కు-గొంతు విభాగం అన్న తేడా లేకుండా అందరూ కోవిడ్ వార్డుల్లో డ్యూటీ చేశారు. తలనుంచి పాదాల దాకా రక్షణ దుస్తుల్లో చెమటతో తడుస్తూ, ఆక్సిజన్ స్థాయి చూస్తూ, బంధువులు లోపలికి రాలేని రోగులకు నీళ్ళు కూడా తామే అందించిన ఆ యువ వైద్యుల సేవను, పీజీ పాల్గొన్న ఆపరేషన్లను నమోదుచేసే ఏ లాగ్‌బుక్కూ కొలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులో 24 వేల కేసులు నమోదైన 2021 మే నెలలో వారు లేకపోతే వార్డులు నడిచేవే కావు. అందుకే వారి శిక్షణలో పడ్డ లోటును వారి లోపంగా చూడకూడదు. సమాజం వారి దగ్గర తీసుకున్న అప్పుగా చూడాలి.

ఆ అప్పును మరింత పెంచిన సంగతి పరీక్షల వాయిదా. పీజీ ప్రవేశపరీక్ష అయిన నీట్ పీజీ 2021 ఏప్రిల్ 18న జరగవలసి ఉండగా ఉధృతి కారణంగా ఆగి, సెప్టెంబరు 11న జరిగింది. ఆ తర్వాత రిజర్వేషన్లకు సంబంధించిన కేసు సుప్రీంకోర్టులో ఉండడంతో కౌన్సెలింగ్ 2022 జనవరి దాకా మొదలు కాలేదు. 2021 డిసెంబరులో ఢిల్లీలో రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కింది దీనికోసమే. మూడు బ్యాచ్‌లతో నడవవలసిన విభాగాలు నెలల తరబడి రెండింటితో నడిచాయి. దీని ఫలితాన్ని బయటివారు పనిభారంగానే అర్థం చేసుకున్నారు గాని, అసలు నష్టం మరోచోట ఉంది. కింద కొత్త బ్యాచ్ చేరితేనే పైవాడు వార్డు పనుల నుంచి విడుదలై థియేటర్‌లోకి వెళ్తాడు. 2020లో చేరిన పీజీకి మొదటి ఏడాది కోవిడ్ వార్డులో గడిచిపోయింది. రెండో ఏడాదిలో జూనియర్ రాలేదు కనుక కట్లు, కేస్‌షీట్లు, రక్త నమూనాలు అతని మీదే ఉండిపోయాయి. ఆపరేషన్లు తిరిగి మొదలైనా అతడు వార్డులోనే ఉన్నాడు. శిక్షణ ఒక వరుసలో సాగే ఏర్పాటు కావడం వల్ల, ఆ వరుసలో ఒక తరం ఆలస్యమైతే దానికి ముందున్న తరం కూడా నిలిచిపోతుందన్నది ఈ మహమ్మారి స్పష్టంగా చూపిన విషయం.

ఈ లోటు ఉద్దానానికి ఎలా చేరుతుందో తెలియాలంటే అక్కడి కిడ్నీ జబ్బు వైపు చూడాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే మూత్రపిండాలు క్రమంగా పాడైపోయే వ్యాధి కొన్ని దశాబ్దాలుగా ఉంది. జరిగిన సర్వేలు వయోజనుల్లో ఐదో వంతుకు అటూ ఇటూగా మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు చూపాయి. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోనూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ ఇటువంటి జబ్బే రైతుకూలీలను పట్టి పీడిస్తోంది. మూత్రపిండాలు పూర్తిగా పనిచేయనప్పుడు రక్తాన్ని యంత్రం ద్వారా శుభ్రపరిచే డయాలిసిస్ అవసరమవుతుంది. వారానికి రెండు మూడు సార్లు నిమిషానికి 300 మిల్లీలీటర్ల వరకు రక్తం బయటికి తీసి లోపలికి పంపాలి. చేతి మీద కనిపించే మామూలు సిర ఆ వేగాన్ని ఇవ్వలేదు.

దీనికి పరిష్కారం 1966లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రి నుంచి వచ్చింది. సిమినో, బ్రెస్చియా అన్న వైద్యులు ఆలోచించగా సర్జన్ యాపెల్ చేసి చూపిన ఆపరేషన్‌లో, మణికట్టు దగ్గర ధమనిని పక్కనే ఉన్న సిరకు కుడతారు. గుండె నుంచి ఒత్తిడితో వచ్చే ధమని రక్తం సిరలోకి దూకడంతో, కొన్ని వారాల్లో సిర ఉబ్బి గోడ మందమెక్కి, లావుపాటి సూదులను పదేపదే భరించగలిగేలా తయారవుతుంది. దాన్నే ఫిస్టులా అంటారు. మీద వేలు పెడితే సన్నని ప్రకంపన తెలుస్తుంది. స్థానికంగా మత్తిచ్చి చేసే ఈ ఆపరేషన్ చూడడానికి చిన్నదే, కాని రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలకు వెంట్రుకంత దారంతో, భూతద్దపు కళ్ళద్దాలు పెట్టుకొని వేసే ఆ కుట్లలో ఒక్కటి వంకర పోయినా, నాళం కొద్దిగా మెలిపడినా రక్తం గడ్డకట్టి అంతా వృథా అవుతుంది. పైన చెప్పిన మూడో దశకు చేరిన చేతులు ఇక్కడ కావాలి.

ఫిస్టులా కూడా తేదీ పెట్టి చేసే ఆపరేషనే కాబట్టి, దాన్ని వాయిదా వేయదగినదిగా లెక్కించే ప్రమాదం అన్నిచోట్లా వచ్చింది. అమెరికాలో ప్రభుత్వమే ఇది తప్పనిసరి చికిత్స అని విడిగా స్పష్టం చేయవలసి వచ్చింది. ఫిస్టులా లేనివారికి మెడ సిరలోకి గొట్టం వేసి డయాలిసిస్ చేస్తారు. ఆ గొట్టం ఎక్కువకాలం ఉంటే రక్తంలోకి సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఫిస్టులాతో పోలిస్తే చాలా ఎక్కువ. డయాలిసిస్ మాత్రం వాయిదాకు లొంగదు. లాక్‌డౌన్‌లోనూ ఉద్దానం రోగులు కేంద్రాలకు వెళ్ళక తప్పలేదు. యంత్రాలను తెచ్చిపెట్టడం డబ్బుతో అయ్యే పని. ఆ యంత్రానికి రోగిని కలిపే కుట్టు వేసే చేతిని తయారుచేయడానికి మూడేళ్ళకు పైగా పడుతుంది, ఆ మూడేళ్ళలోంచే మహమ్మారి తన వాటా తీసుకుంది.

ఉత్తరాంధ్ర తీరంలో మరో ప్రత్యేకమైన జబ్బు అడ్డపొగ వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్. చుట్టను వెలిగించిన కొన నోటిలోపల పెట్టుకొని కాల్చే ఈ అలవాటు ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవారిలో ఉండేది. శ్రీకాకుళం జిల్లాలో దీనిపై 1960ల నుంచే పరిశోధనలు జరిగాయి. క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణ ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020 నవంబరులో ఒక ప్రసిద్ధ బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. ఆలస్యమైన పుండుకు పెద్ద కోత, పెద్ద కోతకు పెద్ద సర్జన్, కాబట్టి ఇక్కడ కూడా పీజీ చూసేవాడిగానే మిగిలాడు. ఇచ్ఛాపురం వైపు జనానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఒడిశాలో ఉన్న బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రే దగ్గర. లాక్‌డౌన్‌లో రాష్ట్ర సరిహద్దు దగ్గర రాకపోకలు బిగిసినప్పుడు వారికి ఆ దారీ కష్టమైంది.

ఆ కాలం ఏమీ నేర్పలేదనడం కూడా న్యాయం కాదు. 2021 వేసవిలో కోవిడ్ నుంచి కోలుకుంటున్న మధుమేహ రోగుల్లో, ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడినవారిలో, జనం బ్లాక్ ఫంగస్ అన్న మ్యూకర్‌మైకోసిస్ విజృంభించింది. ముక్కు పక్కన ఎముకల్లో ఉండే గాలిగదుల్లో మొదలై కంటికీ మెదడుకూ పాకే ఈ బూజును మందుతో మాత్రమే ఆపలేరు. చచ్చిన కణజాలాన్ని కత్తితో తొలగించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. హైదరాబాదు కోఠి చెవి-ముక్కు-గొంతు ఆసుపత్రి తెలంగాణకు ప్రధాన కేంద్రమైంది. అక్కడి పీజీలు మామూలుగా శిక్షణ మొత్తంలో ఒకటో రెండో చూసే జబ్బును కొన్ని వారాల్లోనే ఎన్నోసార్లు చూశారు. పైన పేర్కొన్న కోవిడ్‌సర్జ్ అధ్యయనాలకు 116 దేశాల్లో రోగుల వివరాలు సేకరించినవారిలో యువ వైద్యులెందరో ఉన్నారు. కోవిడ్ సోకిన తర్వాత, వీలైతే కనీసం ఏడు వారాలు ఆగి ఆపరేషన్ చేయడం క్షేమమన్న అప్పటి నియమం ఆ శ్రమ ఫలితమే.

పాఠాలు తెరమీదికి మారడం వల్ల చిన్న కళాశాలల పీజీలు కూడా ఎక్కడెక్కడి ఆచార్యుల ఉపన్యాసాలనూ వినగలిగారు. అట్టపెట్టెలో మొబైల్ కెమెరా అమర్చి లాపరోస్కోపీ ముడులు సాధన చేసినవారూ ఉన్నారు. ఇటువంటి పెట్టెల్లో చేసిన సాధన థియేటర్‌లో ఉపయోగపడుతుందని మహమ్మారికి ముందే రుజువైంది. కాని పెట్టెలో రక్తం రాదు, కణజాలం చినగదు, రోగి ఊపిరి తీసుకోడు. సాధన చేయి తడబాటును తగ్గిస్తుంది, నిర్ణయం తీసుకోవడం నేర్పలేదు.

ఈ లోటును ఒప్పుకొని లెక్కలోకి తీసుకోవడంలో దేశాల మధ్య తేడా కనిపించింది. బ్రిటన్‌లో వార్షిక మదింపులో కోవిడ్ వల్ల శిక్షణ దెబ్బతిన్నవారికి ప్రత్యేకమైన ఒక ఫలిత విభాగాన్ని పెట్టి, పై తరగతికి వెళ్ళగలవారెవరో, అదనపు కాలం కావలసినవారెవరో వేరుచేశారు. అమెరికాలో సర్జరీ బోర్డు, శిక్షణలో కనీసం 850 ఆపరేషన్లు చేసి ఉండాలన్న నియమాన్ని ఆ ఏడాదికి పదో వంతు సడలించింది. భారతదేశంలో 2021 మే నెలలో చివరి ఏడాది పీజీలను కొత్త బ్యాచ్ వచ్చేదాకా కొనసాగించాలన్న నిర్ణయం వచ్చింది గాని, అది వార్డుల కోసం తీసుకున్నది, శిక్షణ కోసం కాదు. క్యాలెండరు మూడేళ్ళు నిండితే సర్జన్ తయారైనట్లే భావించడం మన పద్ధతిలోని పాత బలహీనత. మహమ్మారి దాన్ని దాచలేనంత పెద్దదిగా చేసింది. ఎన్ని ఆపరేషన్లకు హాజరయ్యాడన్నది కాక, ఏ ఆపరేషన్‌లో ఏ ఘట్టాన్ని సహాయం లేకుండా చేశాడన్నది లాగ్‌బుక్‌లో ఉండి ఉంటే, ఎవరికి ఎంత లోటు పడిందో, దాన్ని ఎక్కడ పూడ్చాలో తెలిసేది.

పూడ్చే చోటు గురించి ఒక ఏర్పాటు మహమ్మారి మధ్యలోనే వచ్చింది. 2020 సెప్టెంబరులో వెలువడిన నిబంధనల ప్రకారం ప్రతి పీజీ మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఒకదానిలో మూడు నెలలు జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రిలో పనిచేయాలి. బోధనాసుపత్రిలో ఒక చిన్న హెర్నియా కోసం నలుగురు పీజీలు వరుసలో ఉంటే, టెక్కలి వంటి చోట ఆ వరుస ఉండదు. వరిబీజాలు, హెర్నియాలు, పైపై గడ్డలు, అంటే శిక్షణలో మాయమైన ఆ మొదటి మెట్లు అక్కడ కావలసినన్ని ఉన్నాయి. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకలతో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఫిస్టులా అవసరమున్న రోగులు దగ్గర్లోనే ఉన్నారు. అయితే పక్కన నిలబడి తప్పు దిద్దే సర్జన్, మత్తు డాక్టర్, సన్నని దారాలు, భూతద్దాలు లేకుండా పీజీని పంపితే అది శిక్షణ కాదు, ఖాళీ పోస్టు నింపడం అవుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో పోస్టుల భర్తీని వైద్య విద్యలో భాగంగా చూడవలసింది ఇందుకే. ఆ వసతి ఉన్నచోట ఈ మూడు నెలల గడువుకు ఒక అనుకూలత ఉంది. ఫిస్టులా పక్వానికి రావడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కాబట్టి పలాసలో మొదటి వారంలో సీనియర్ పర్యవేక్షణలో కుట్టు వేసిన పీజీ, ఆరో వారంలో అదే రోగి చేతిమీద సిర ఎంత ఉబ్బిందో స్కాన్‌లో కొలిచి, తిరిగి వెళ్ళేలోగా చాలా సందర్భాల్లో దానిలోకి డయాలిసిస్ సూది వెళ్ళడం కూడా చూడగలుగుతాడు.